గాజుతొట్టిలో కొర్రమీను

హైదరాబాదు నుండి నాగపూరునకు పోవు పెద్దబాటమీద, నిజామాబాదు పట్టణమునకు కొలది దూరమున డిచ్‌పల్లి యను ఊరు కలదు. గుట్టమీద నున్న రామాలయము ఆ ఊరికి పేరు తెచ్చినది. ఆ ప్రాంతమంతయు చెరువుల సీమ. బోధను వైపునకు పోయినచో నిజాంసాగరు కాలువల క్రింద వరిమళ్లును చెరకుతోటలును కానవచ్చును. మంజీరానదిపై ఆ ఆనకట్ట కట్టుట 1923లో మొదలై 1931లో ముగిసినది. ఈ చెరువులను కాలువలను నమ్ముకొని, చేపలు పట్టి బ్రతుకు కుటుంబములు అచ్చట తరతరములుగా నున్నవి. అట్టి కుటుంబములో ఒక బాలుడుండెను.

ఒకనాడు ఆ బాలుడు నిజామాబాదులో ఒక అంగడిలోని పెద్ద గాజుతొట్టిని చూచెను. అందులో వెండిరేకువలె మెరయు పొడవైన విదేశపు చేప యొకటి తిరుగుచుండెను. దాని పేరు అరోవానా యని అంగడివాడు చెప్పెను. తొట్టిపై మూతయు, మూతపై ఒక ఇటుకయు నుండెను. ఇటుక యేల యని బాలుడు విచారింపలేదు. చేప వెల విని ఊరకుండెను.

అతని కోరిక తాతకు తెలిసెను. ఆయన చిన్ననాటి నుండి వల పట్టిన చేయి. మరునాడు చెరువునుండి వచ్చునప్పుడు బకెట్టులో జానెడు పొడవుగల కొర్రమీను నొకదానిని తెచ్చి, “వెండిచేప యేల బిడ్డా? ఇది మన చెరువులో దొర” అనెను. ఆ మాట అతిశయోక్తి కాదు. పాము తలవంటి తలయు, వాడియైన పండ్లును గల ఆ చేప చిన్నచేపలను, కప్పలను వేటాడి తినును. దానినే పలువురు కొర్రమట్ట యందురు. 2016లో తెలంగాణ ప్రభుత్వము దానిని రాష్ట్రపు చేపగా ప్రకటించినది. బాలుడు మిక్కిలి సంతసించి, కిటికీ ప్రక్కన గాజుతొట్టి నుంచి, నీరు నింపి, చేపను అందులో విడిచెను. మూత పెట్టవలెనని అతనికి తోచలేదు.

తెల్లవారి లేచి చూడగా తొట్టిలో చేప లేదు. బాలుడు ఇల్లంతయు వెదకెను. అది మంచము క్రింద, దుమ్ములో దొర్లి, మొప్పలు మెల్లగా కదలించుచు పడియుండెను. అతడు కేక వేయగా తాత పరుగెత్తి వచ్చెను. ఆయన ముందుగా తన చేతులను నీటిలో తడిపెను. తరువాత తడిగుడ్డతో చేపను మెల్లగా ఎత్తి తొట్టిలో విడిచెను. “పొడిచేతితో పట్టరాదు. దాని ఒంటిమీది జిగురే దానికి కవచము. అది ఊడినచో తెగుళ్లు సోకును” అని చెప్పెను. కొంతసేపటికి చేప తేరుకొని అడుగునకు పోయెను. వేరొక చేపయైనచో అప్పటికే చచ్చియుండెడిది.

బాలుడు సిగ్గుపడెను. మరల అట్టి ఆపద రాకుండునట్లు గట్టి ఏర్పాటు చేయవలె నని నిశ్చయించుకొనెను. తొట్టిని అంచువరకు నీటితో నింపెను. దానిపై అద్దపు పలక నొకదానిని సందు లేకుండ కప్పి, పలకపై పెద్దరాయి నుంచెను. ఇక ఎగురజాలదని తృప్తిపడి పుస్తకములు సర్దుకొనుచుండగా తాత లోనికి వచ్చెను. చేప పైకి వచ్చి ముక్కుతో అద్దమును పొడుచుచుండెను. క్రిందికి జారి మరల పైకి వచ్చుచుండెను. రానురాను దాని కదలిక మందగించుచుండెను. తాత రాయిని ప్రక్కకు నెట్టి పలకను లాగివేసెను. కొర్రమీను పైకి వచ్చి, నోరు తెరచి, ఒక గుక్కెడు గాలి మ్రింగి, అడుగునకు పోయెను.

“నిన్నటి రాత్రి మూత లేక చావబోయినది. నేడు మూత వలన చావబోయినది” అని తాత అనెను.

“చేప నీటిలో ఊపిరి యాడక చచ్చునా తాతా?” అని బాలుడు ఆశ్చర్యముతో అడిగెను.

ఆ ప్రశ్న సమంజసమైనదే. పెక్కు చేపలు మొప్పలతో నీటిలో కరిగియున్న ప్రాణవాయువును గ్రహించి బ్రతుకును. కొర్రమీనుకు ఆ వాయువు చాలదు. దాని తలలో, మొప్పలకు పైభాగమున, గాలిని నిలుపుకొను గదులు ఉండును. అది మాటిమాటికి పైకి వచ్చి గాలి మ్రింగి ఆ గదులలో నింపుకొనవలెను. అందుచేతనే వేసవిలో చెరువు ఎండినపుడు తడిబురదలో దాగి బ్రతుకగలదు. ఒడలు తడిగా నున్నంతసేపు నేలమీద ప్రాకి ఒక మడుగునుండి వేరొక మడుగునకు చేరగలదు. గాలి అందనిచో ఎంత మంచినీటిలోనైనను అది మునిగి చచ్చును.

బాలుడు కొంతసేపు ఆలోచించి, “అయినచో మూత ఎట్లుండవలెను?” అని అడిగెను. తాత వెంటనే బదులు చెప్పలేదు. “ముందు అది యేల ఎగిరినదో కనుగొనుము. కారణము తెలియక మూత వేసినచో, అది ఎగురుట మానదు, తల పగులగొట్టుకొనును” అనెను.

ఆ రాత్రి బాలుడు తొట్టిపై వలగుడ్డను కట్టి, నిద్ర మానుకొని కాచియుండెను. పెద్దబాటమీద పోవు లారీల దీపములు మలుపు తిరుగునప్పుడు వాటి వెలుగు కిటికీగుండ వచ్చి గాజుపై మెరుపువలె పడుచుండెను. పడినప్పుడెల్ల చేప ఉలికిపడి తోక ఝాడించుచుండెను. మరునాడు అతడు తొట్టి అడుగున చూడగా తినక విడిచిన మాంసపు ముక్కలు కుళ్లి నీరు వాసన కొట్టుచుండెను. కుళ్లిన ఆహారమునుండియు, చేప విసర్జించు మలినమునుండియు అమ్మోనియా పుట్టి మొప్పలను మండించును. ఆ బాధకు తాళలేక చేప వేరొక నీటిని వెదకును. ఈ రెండు కారణములను బాలుడు తనంతట తానే కనుగొనెను.

మూడవదానిని తాత చెప్పెను. “తొలకరి వానలకు చెరువు నిండి మత్తడి దూకునపుడు నీవు చూడలేదా? క్రొత్తనీటి చప్పుడు వినగానే చేపలు ప్రవాహమునకు ఎదురెక్కును. కొర్రమీను గట్టు దాటి వరిమడిలోనికి పోవును. చెరువులో దుమికిన చేప మరల నీటిలోనే పడును. కావున దుముకుట దానికి తప్పు కాదు. గాజు ప్రక్కన నేల యున్నదని దానికి ఎట్లు తెలియును?”

అంగడిలోని అరోవానా సంగతియు ఇట్టిదే. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నది. వర్షకాలమున ఆ నది పొంగి అడవులను ముంచును. అప్పుడు అరోవానా చెట్లనడుమ ఈదుచు, నీటిమీదికి వంగిన కొమ్మలపై నున్న పురుగులను పైకెగిరి పట్టుకొనును. అందువలన దానిని నీటికోతి యని పిలుచుటయు కలదు. ఆకలి తీర్చుకొనుటకు నేర్చిన ఆ విద్యయే గాజుతొట్టిలో దాని ప్రాణము మీదికి వచ్చును. అంగడిలోని ఇటుక అర్థము బాలునకు అప్పుడు బోధపడెను.

తరువాత తాతామనుమలు తొట్టిని చక్కపరచిరి. ముందుగా దానిని కిటికీ ప్రక్కనుండి తీసి, జనుల రాకపోకలు తక్కువగా నున్న గోడమూలకు చేర్చిరి. నీటిమట్టమును అంచునకు జానెడు క్రిందికి తగ్గించిరి. అందుచేత చేప గాలి మ్రింగుటకు చోటు దొరకెను. ఎగిరినను అంచు అందుట కష్టమయ్యెను. అద్దమునకు మారుగా చెక్కచట్రమునకు సన్ననివల బిగించి మూత చేసిరి. అద్దమునకు తాకిన తల గాయపడును. వల కొంత సాగి చేపను మరల నీటిలోనికి దించును. మూత నాలుగు మూలలను కొక్కెములతో బిగించిరి. ఏలయన, బలిసిన చేప తేలిక మూతను తలతో ఎత్తివేయగలదు. గాలిగొట్టము పోవు సందును సయితము మూసిరి. చేప తల దూరినంత సందు చాలును, ఒడలంతయు దూరును. నీటిమీద అంతరతామర మొక్కలను కొన్నింటిని తేలవిడిచిరి. వాటి నీడలో చేపకు బెదురు తగ్గెను. నాటినుండి బాలుడు ఆహారమును ఎత్తునుండి ఆడించి చూపక నీటిలోనే విడుచుచు, మిగిలినదానిని వెంటనే తీసివేయుచుండెను. కుళాయినీటిని ఒక దినము నిలువయుంచి, పాతనీటిలో కొంతభాగము తీసి, దాని స్థానమున పోయుచుండెను. ఒక్కసారిగా దీపము వెలిగింపకుండెను.

కొన్ని వారములకు ఒక రాత్రి ఉరుములు మెరుపులతో పెద్దవాన కురిసెను. ఇంటిచూరునుండి ధారలు పడు చప్పుడునకు కొర్రమీను లేచి ఒక్క ఎగురు ఎగిరెను. వల సాగెను; చేప దబ్బున నీటిలో పడెను. మరల రెండుమార్లు ఎగిరి, అలసి, అంతరతామరల నీడకు చేరెను. బాలుడు చీకటిలో ఆ చప్పుళ్లను లెక్కించుచు కూర్చుండెను. మూత నిలిచినందుకు అతడు సంతోషించెను. కాని అది ఎచ్చటికి పోగోరుచున్నదో తెలిసినందున ఆ సంతోషము సంపూర్ణము కాలేదు.

ఏడాది గడచెను. చేప మూరెడుకు పెరిగెను. తొట్టిలో అది తిరుగుటకు చోటు చాలకుండెను. మృగశిర కార్తె వచ్చెను. ఆ దినమున తెలంగాణమున ఇంటింట చేప వండుకొనుట ఆచారము. కొర్రమీనుకు వెల హెచ్చు. ఇరుగుపొరుగువారిలో ఒకరు వచ్చి దానిని వెలకు అడిగిరి. తాత మనుమని మొగము చూచి, “అది అమ్ముటకు తెచ్చినది కాదు” అని చెప్పి పంపెను.

“తాతా, దీనిని విడిచిపెట్టుదమా?” అని బాలుడు మెల్లగా అడిగెను.

పెంచిన చేపను ఎచ్చట పడిన నచ్చట విడుచుట మేలు కాదు. 2002లో అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున, క్రాఫ్టను అను ఊరి మడుగులో, ఆసియానుండి వచ్చిన ఒక జాతి కొర్రమీనులు కనబడినవి. ఎవరో విడిచిన రెండు చేపలు అందులో పిల్లలు పెట్టి పెరిగెను. అవి అచ్చటి చేపలను తినివేయునను భయముతో అధికారులు ఆ మడుగులో మందు పోసి చేపలన్నిటిని చంపవలసివచ్చెను. కనుక విదేశపు చేపను పెంచువాడు, అది పెరిగినప్పుడు తగిన పెద్దతొట్టి ఇచ్చుటకు ముందే సిద్ధపడవలెను, చెరువులో విడువరాదు. ఈ కొర్రమీను అట్టిది కాదు. ఇది ఆ ఊరి చెరువులోనే పుట్టినది. వేరు చేపలతో కలియక, తెగులు సోకక పెరిగినది.

వానలు పడి చెరువులో క్రొత్తనీరు చేరిన పిదప ఒక ఉదయమున ఇద్దరును గట్టుమీదికి పోయిరి. బాలుడు బకెట్టుపై కట్టిన వలగుడ్డను విప్పి, చేతులు తడుపుకొని, చేపను తూటికాడల ప్రక్కన నీటిలోనికి దించెను. అది క్షణకాలము కదలక నిలిచెను. పిమ్మట పైకి వచ్చి, ఒక గుక్కెడు గాలి మ్రింగి, లోతునకు పోయెను.

“ఇక దీనికి మూత అక్కరలేదు” అని బాలుడు అనెను. తాత నవ్వి, ఖాళీ బకెట్టును చేతికిచ్చి, ఇంటిదారి పట్టెను.