ధవళేశ్వరంలో ఒక బాకీ

గోదావరి జిల్లాల వాళ్ళు పనిగట్టుకుని ధవళేశ్వరం చూడడమేమిటి, తినే అన్నంలోనే ఉందిగా ఆ ఊరు అంటారు. నిజమే. నేనూ ఆ మాటే చెప్పుకుని పాతికేళ్ళకు పైగా అటుకేసి వెళ్ళలేదు. మొన్న వేసవి సెలవుల్లో మావాడు కాటన్ దొర మ్యూజియం చూపించమని పట్టుబట్టాడు. వాడిది తొమ్మిదో తరగతి. మా ఆవిడ కూడా వాడి పక్షమే చేరింది. ఎండలన్నాను, బస్సులో రద్దీ అన్నాను, పరీక్ష పేపర్లు దిద్దాలన్నాను. ఏదీ సాగలేదు. అసలు సంగతి వాళ్ళకి చెప్పలేదు. ధవళేశ్వరంలో నేను ఒకరికి బాకీ ఉన్నాను.

రాజమహేంద్రవరంలో పొద్దున్నే బస్సెక్కితే ఎండ ముదరకముందే ధవళేశ్వరం చేరతాము. కొండమీద జనార్దనస్వామి, కింద గోదావరి. స్వామి దర్శనం చేసుకుని బ్యారేజీ దగ్గరికి వచ్చాము. వేసవి కదా, కాలువలు కట్టేశారు. నదిలో ఇసక తిన్నెలు బయటపడి ఉన్నాయి. వానాకాలంలో సముద్రంలా కనిపించే గోదావరి, పండక్కి పిల్లలు వచ్చి వెళ్ళిపోయిన ఇల్లులా ఉంది.

గుర్రంమీద కూర్చున్న కాటన్ విగ్రహం చూడగానే మా తాతగారు జ్ఞాపకం వచ్చారు. కోనసీమలో మా ఊరి కాలువలో తెల్లవారుజామున స్నానం చేస్తూ ఆయన చెప్పుకునే సంకల్పంలో కాటన్ పేరు వచ్చేది. భగీరథుడితో పోల్చి ఆ దొరను తలుచుకునే సంస్కృత శ్లోకం ఒకటి మా వైపు పెద్దలకు నోటికి వచ్చు. ఓసారి పొరుగాయన, "సంకల్పంలో తెల్లవాడి పేరేమిటండీ!" అని ఆక్షేపించాడు. తాతగారు తల తుడుచుకుంటూ, "రాత్రి మీరు తిన్న అన్నం ఎవరి నీళ్ళతో పండిందో కనుక్కురండి, తరవాత మాట్లాడుకుందాం" అన్నారు. ఆ పొరుగాయన మళ్ళీ ఆ ప్రసక్తి తేలేదు.

ఆనకట్ట లేనప్పుడు ఈ సీమ ఎలా ఉండేదో ఇవాళ ఊహించడం కూడా కష్టం. ఎదురుగా నది పారుతూనే ఉండేది, ఒడ్డున జనం ఆకలితో మాడేవారు. 1830ల మొదట్లో కరువులు వచ్చాయి. 1839లో తుపాను, ఉప్పెన. 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా, 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు దిగిపోయింది. ఆర్థర్ కాటన్ ఈ నదిని పరిశీలించి ఆనకట్ట కట్టవచ్చునని చెప్పినది 1844లో. పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇక్కడ లంకలతో కలిపి నది వెడల్పు నాలుగు మైళ్ళు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఆనకట్ట కట్టారు. ఇప్పుడు మనం చూసేది దాని స్థానంలో వచ్చి 1982లో పూర్తయిన బ్యారేజీ. దానికి 175 గేట్లు. దీని కింద మూడు డెల్టాల్లో పది లక్షల ఎకరాలకు పైగా తడుస్తోంది.

మ్యూజియంలో ఇవన్నీ చూసి బయటికి వచ్చాక మావాడు ఒక ప్రశ్న వేశాడు.

"కంపెనీవాళ్ళు శిస్తు కోసం కట్టించారు కదా నాన్నా? మనమెందుకు దండం పెట్టాలి?"

ఈ కాలం పిల్లలు అడగవలసినదే అడుగుతారు. చెట్టు నీడన అరుగుమీద కూర్చుని, క్లాసులో చెప్పినట్టే మొదలుపెట్టాను. "కృతజ్ఞత అనే మాట విడగొట్టి చూడు. కృతం అంటే చేసినది. జ్ఞుడు అంటే తెలిసినవాడు. చేసినది తెలిసి ఉండడమే కృతజ్ఞత. తెలుగులోనూ అంతే, చేసిన మేలు ఎరగడం అంటాం. బదులు తీర్చడం అని ఆ మాటలో ఎక్కడా లేదు. కంపెనీ ఖజానా సంగతి కూడా తెలిసే ఉండాలి. అది తెలిసిన తరవాత కూడా, కరువు చూసి ఊరుకోలేని మనిషి ఒకడు పై అధికారులతో వాదించి పని సాధించాడన్నది అబద్ధం కాదు. నిజమంతా తెలిసి పెట్టే దండమే దండం."

ఇంకొకటి కూడా చెప్పాను. కాటన్‌కి ఈ విద్య సీమలో అబ్బలేదు. అంతకు ముందు ఆయన తంజావూరు సీమలో పనిచేశాడు. అక్కడ కావేరి మీద చోళుల కాలంనాటి కల్లణై ఆనకట్ట ఉంది. అడుగు అందని ఇసకలో పునాది నిలబెట్టడం ఎలాగో ఆ పాత ఆనకట్టలు కట్టినవాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని 1874లో ఆయనే రాసుకున్నాడు. పేర్లయినా తెలియని ఆ పనివాళ్ళకు చెందవలసిన గౌరవం వాళ్ళకు చెందనిచ్చాడు. మనం దండం పెట్టే మనిషి, తాను దండం పెట్టవలసిన వాళ్ళను మరిచిపోలేదు. 1848లో ఆయన జబ్బుపడి సెలవుమీద వెళితే కెప్టెన్ ఆర్ పని నడిపించాడు. మన వాడు వీణం వీరన్న కూలీలను కూడగట్టి, కాటన్‌కి కుడిభుజంగా నిలిచాడు. రాళ్ళు మోసినవాళ్ళు వేలమంది.

"మరి వాళ్ళ పేర్లు?" అన్నాడు మావాడు.

నా దగ్గర జవాబు లేదు. లేకపోగా, ఆ ప్రశ్న వాడికి తెలియకుండానే సూటిగా వచ్చి నాకే తగిలింది. ఇక దాచడం వల్ల కాలేదు. తల్లికీ కొడుక్కీ అక్కడే సంగతంతా చెప్పాను.

1996లో నేను బి.ఏ. మొదటి సంవత్సరం. ఇక్కడ ఒక మామ్మగారి ఇంట్లో మేడమీద గది అద్దెకు తీసుకున్నాను. నెలకు 150 రూపాయలు. ఆ నవంబరు 6న కోనసీమను తుపాను కొట్టింది. మా నాన్నగారి కొబ్బరితోట పడుకుంది. ఇంటి నుంచి డబ్బు రావడం ఆగిపోయింది. డిసెంబరు ఒకటో తారీఖున మెట్లమీద మామ్మగారు ఎదురయితే తల వంచుకున్నాను. ఆవిడ, "చెట్లు పడిపోతే అద్దె ఎక్కణ్ణించి వస్తుందిరా నాయనా? చదువుకో" అని కిందికి వెళ్ళిపోయింది. ఆ తరవాత అయిదు నెలలు అద్దె మాట ఎత్తలేదు. సాయంకాలం మాత్రం మెట్లమీద మూత పెట్టిన గిన్నె ఒకటి కనిపించేది. ఒకరోజు పప్పుచారు, ఒకరోజు వంకాయకూర.

పరీక్షలు కాగానే కాలేజీకి దగ్గరగా వేరే గది చూసుకుని వెళ్ళిపోయాను. 750 రూపాయలు చేతికి వచ్చాక వెళదామనుకున్నాను. వచ్చాక, ఇన్నాళ్ళకా అని మొహం చెల్లలేదు. ఓసారి రాజమండ్రి బజారులో ఆవిడ ఎదురుగా వస్తుంటే పక్క సందులోకి తిరిగిపోయాను. ఆవిడ డబ్బు అడుగుతుందని కాదు. అడగదని.

మా ఆవిడ ఒక్కమాటే అంది. "ఇల్లు ఎక్కడో గుర్తుందా?"

గుర్తుంది. పెంకులు పోయి శ్లాబు వచ్చింది గాని, మేడ మెట్లు అవే. తలుపు తీసినాయనకు డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి. మామ్మగారి అబ్బాయి. అప్పట్లో ఎక్కడో ఉద్యోగంలో ఉండేవారు. "ఎవరు కావాలండీ?" అన్నారు. చెప్పాను.

"ఓహో, తుపాను అబ్బాయివా! అమ్మ అంటూ ఉండేది. ఆ కుర్రాడి చదువు ఏమయిందో, తోట మళ్ళీ వేసుకున్నారో లేదో అని." కాస్త ఆగి, "2009లో పోయింది" అన్నారు.

నేను కవరు తీసి ముందు పెట్టాను. ఆయన చేత్తో వెనక్కి జరిపేశారు. "అమ్మ లెక్కలో లేని డబ్బు నేనెలా పుచ్చుకుంటానండీ? రండి, లోపల పటం ఉంది."

పటం ముందు నిలబడ్డాను. పాతికేళ్ళుగా మనసులో కూర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ రాలేదు, నేను తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి. దండం పెట్టి, చివరికి ఆయన్ని అడిగాను. "మహాలయంలో అమ్మగారికి నువ్వులూ నీళ్ళూ వదులుతాను. పేరూ గోత్రమూ చెప్పండి."

అడిగిన తరవాత సిగ్గు ముంచుకొచ్చింది. ఏడాది పాటు ఆవిడ చేతికూడు తిన్నాను. మామ్మగారు అని పిలవడమే గాని ఆవిడ పేరేమిటో ఏనాడూ కనుక్కోలేదు. చేసినది తెలిసి ఉండడమే కృతజ్ఞత అని గంటక్రితం కొడుక్కి పాఠం చెప్పినవాణ్ణి! ఆయన చెప్పారు. చీటీమీద రాసి జేబులో పెట్టుకున్నాను. ఆయన వద్దన్న కవరు కూడా ఆ జేబులోనే ఉంది. అది ఎవరి మెట్లమీద పెట్టాలో ఇక నేనే చూసుకోవాలి.

తిరుగు బస్సులో మావాడు చాలాసేపు కిటికీలోంచి నదిని చూస్తూ కూర్చున్నాడు. తరవాత మెల్లిగా, "పేర్లు తెలియని వాళ్ళకి ఎలా వదులుతారు నాన్నా?" అన్నాడు.

తర్పణం చివర, నా అనేవాళ్ళు ఎవరూ లేనివాళ్ళ కోసం కూడా ఒకసారి నీళ్ళు వదులుతారు. తాతగారు అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగేవారు. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

"దానికి వేరే విధి ఉందిరా. ఈసారి నా పక్కన కూర్చో, చూపిస్తాను" అన్నాను.