పదుమూడవ పేరు

రెండేండ్ల క్రిందట మన పాఠశాల వాలీబాలు జట్టునకు బాలుర నేరు పని నాకప్పగింపబడెను. పండ్రెండు పేర్లు వ్రాసి ప్రకటనల పలకపై అంటించితిని. ఆ సాయంకాలము ఒక బాలుడు ఆ పట్టికను మీదినుండి క్రిందికిని, క్రిందినుండి మీదికిని చదివి, నాతో నొక్క మాటయైనను పలుకక వెడలిపోయెను. మరునాటినుండి వాడు ఆటస్థలమునకు రాలేదు. నా లెక్కలో వాడు పదుమూడవవాడు.

గడచిన వేసవి సెలవులలో నేను చూచిన యొక చలనచిత్రము ఆ బాలుని మరల జ్ఞప్తికి దెచ్చినది. అది అమెరికా దేశపు బేస్‌బాల్ జట్టొకదాని చరిత్ర. ఈ యాట మనలో పలువురకు క్రొత్తది గనుక కొంచెము వివరించెదను. ఆ దేశమున పెద్ద లీగుల జట్లు యువకులను జీతమునకు చేర్చుకొని, శిక్షణార్థము చిన్న లీగుల జట్లకు పంపును. చిన్న జట్టు తన పట్టణము పేరు ధరించినను, ఆటగాండ్రు పెద్ద జట్టువారికే చెందుదురు. పైకి రాదగినవారు కారని తోచినచో వారిని విడిచివేయుదురు. ఏ పెద్ద జట్టునకును లోబడక, తన యాటగాండ్రను తానే యేరుకొని జీతమిచ్చుకొనునది స్వతంత్ర జట్టు.

ఆరెగాన్ రాష్ట్రమందలి పోర్ట్‌లాండ్ నగరమునుండి బీవర్స్ జట్టు 1972వ సంవత్సరపు టాటలు ముగిసినపిదప స్పోకేన్ నగరమునకు తరలిపోయెను. 1973లో బింగ్ రస్సెల్ అను నటుడు అచ్చట మావెరిక్స్ అను స్వతంత్ర జట్టును స్థాపించెను. ఎవరైనను వచ్చి తమ నేర్పు చూపవచ్చునని యతడు ప్రకటింపగా, ఇతర జట్లు విడిచివేసినవారు పలువురు వచ్చిరి. అతడు 30 మందిని నిలుపుకొనెను. కొందరికి కడపటి యవకాశమొకటి దక్కవలెనని యాతని నమ్మకము. లానీ మాస్ అను యువతిని ప్రధాన నిర్వాహకురాలిగా నియమించెను.

జిమ్ బౌటన్ అను బంతి విసరువాడు 1963లో న్యూయార్క్ యాంకీస్ పక్షమున 21 ఆటలు గెలిచినవాడు. 1970లో ఆటగాండ్ర గుట్టు వెల్లడించు గ్రంథమును ప్రకటించి పలువుర యాగ్రహమునకు గురియయ్యెను. అతడు 1975లోను 1977లోను మావెరిక్స్‌తో నాడి, 1978లో, 39 ఏండ్ల ప్రాయమున, అట్లాంటా జట్టు పక్షమున పెద్ద లీగులో మరల నొక యాట గెలిచెను.

1977లో మావెరిక్స్ 66 ఆటలలో 44 గెలిచిరి. ఆ యేట చూడవచ్చినవారు లక్షకు మించిరి. అయినను అంతిమ పోటీలో బెల్లింగ్‌హామ్ జట్టు చేతిలో ఓడిరి. జనము మరల వచ్చుట చూచి, పూర్వపు లీగువారు ఆ నగరమును తిరిగి కోరిరి. పరిహారముగా 26,000 డాలర్లు ఇత్తుమనిరి. రస్సెల్ 2,06,000 కోరెను. మధ్యవర్తులు ఆతడు కోరినంతయు ఇప్పించిరి. ధనము వచ్చెను గాని జట్టు లేకపోయెను. 2014లో ఆతని మనుమలిద్దరు ఈ కథను చలనచిత్రముగా తీసిరి.

ప్రియ విద్యార్థులారా, ఏరుట తప్పదు. వలకు ఈవల నిలుచువారు ఆరుగురే. కాని ఏరబడనివానితో మాటాడకుండుటకు ఏ నియమమును లేదు. ఈ యేడు పట్టిక అంటించుటకు ముందు, పేరు లేని ప్రతి బాలుని పిలిచి కారణము చెప్పితిని. వారిని రెండవ జట్టుగా కూర్చి, ప్రతి సాయంకాలము మొదటి జట్టుతో నాడించుచున్నాను. వారు రెండు మారులు గెలిచిరి కూడ.

ఆ పదుమూడవవాడు మాత్రము వారిలో లేడు. వాడు మన పాఠశాల విడిచి వేరొక యూరికి పోయెను. ఈ సంచిక వాని కంటబడునేని, ఒక్క సంగతి తెలిసికొనునుగాక: ఆనాడు పిలిచి మాటాడవలసినవాడను నేను, మౌనముగా నుంటిని. లోపము నాది.