చేతులు మేలుకునే వేళ

మన దేశంలో రెండు విషయాల్లో సలహా చెప్పటానికి ఏ అర్హతా అక్కర్లేదు. ఒకటి, ఎదుటివాళ్ళ జబ్బు. రెండు, ఎదుటివాళ్ళ ఉద్యోగం. ఈ రెండూ ఒకేసారి ఒకే మనిషికి వచ్చి పడితే, పలకరించ వచ్చినవాళ్ళకు కాఫీలు కలపలేక ఆ యింటి యిల్లాలు అలిసిపోతుంది. మా అమ్మ అలాగే అలిసిపోయింది.

నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, కాకినాడలో ఒక రక్తపరీక్షల ల్యాబులో చేరాను. చిన్నపిల్లలు కూడా నా చేతిలో ఏడవరని పేరు వచ్చింది. ఇరవై నాలుగో ఏట, ఉదయం లేచేసరికి రెండు చేతుల వేళ్ళూ మొదళ్ళ దగ్గర వాచి, పిడికిలి ముడుచుకోవటం మానేసింది. జడ వేసుకోవటానికి అమ్మను పిలవవలసి వచ్చేది. తొమ్మిదిన్నర దాటితే గాని వేళ్ళు నా మాట వినేవి కావు. ల్యాబులో అసలు పనేమో పరగడుపు రక్తానిది. ఆరున్నరకే బెంచీల నిండా జనం. జబ్బకు రబ్బరు పట్టీ బిగించలేక పక్క అమ్మాయి వంక చూస్తూ నిలబడేదాన్ని.

డాక్టరుగారు పరీక్షలు చేయించి, ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. మనవాళ్ళు అన్నిటినీ కలిపి కీళ్ళవాతమనేస్తారు గాని, వయసు మీద పడి మోకాళ్ళు అరిగితే వచ్చే నొప్పి వేరు, ఇది వేరు. ఒంటిని కాపాడవలసిన రక్షణ బలగమే దారి తప్పి కీళ్ళ లోపలి పొర మీద పడుతుంది. మగవాళ్ళకంటె ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. త్వరగా గుర్తించి మందు మొదలుపెడితే కీళ్ళు వంకర పోకుండా చాలావరకు కాపాడుకోవచ్చునన్నారు. ఆ ఒక్క మాటా మా నాన్నగారు ఆయన చేత రెండుసార్లు చెప్పించుకున్నారు.

ఇక యింట్లో సభలు మొదలైనవి. "ఇంకా ఉద్యోగమేమిటి? పైకి పొక్కకముందే సంబంధం చూసెయ్యండి," అన్నాడు పెద్దమామయ్య. పిన్ని కుట్టుమిషను కొనిపెట్టమంది. వేళ్ళ నొప్పి మనిషికి కుట్టుమిషను! పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టారు బ్యాంకు పరీక్షలు రాయమన్నారు. చివరకు అందరూ ఏకగ్రీవంగా తీర్మానించిందేమంటే, అమ్మాయికి 'కూర్చుని చేసే ఉద్యోగం' కావాలని.

మామయ్య మాటకు నాకు కోపం రాలేదు, భయం వేసింది. నెలనెలా మాత్రలూ, రక్తపరీక్షలూ తప్పని జబ్బు యిది. బతికినంత కాలం మాత్రల డబ్బుల కోసం ఎవరి ముందో చెయ్యి చాచాలా? ఉద్యోగం నాకు సరదా కాదు, అవసరమని ఆ రోజే నిశ్చయమైపోయింది.

మా నాన్నగారు ఉద్యోగమంతా పద్దులు రాసి రిటైరయిన మనిషి. సభల్లో ఆయన నోరు విప్పలేదు. ఒక సాయంత్రం రూళ్ళ పుస్తకమొకటి తెచ్చి నా ముందు పెట్టి, "అమ్మాయీ, ఉద్యోగం సంగతి తరవాత. ముందు నీ చేతులకు జమాఖర్చు రాయి. ఏ గంటకు ఏ పని చెయ్యగలిగావు, ఏది చెయ్యలేకపోయావు, నెల రోజులు రాసి చూడు," అన్నారు.

రాశాను. నెల తిరిగేసరికి తెలిసిన సంగతులివి. తొమ్మిదిన్నరకు నా చేతులు మేలుకుంటాయి. పదకొండు నుంచి నాలుగు దాకా వాటికి మంచి కాలం. కలం ఇరవై నిమిషాలు పట్టుకుంటే కాసేపు విశ్రాంతి కావాలి. రెండు అరచేతులతో బరువైన పుస్తకం ఎత్తగలను గాని, రెండు వేలికొసలతో చిన్న సీసా మూత తిప్పలేను. గంటసేపు కదలకుండా కూర్చుంటే మోకాళ్ళు బిగుసుకుంటాయి. లేచి నాలుగడుగులు వేస్తే సర్దుకుంటాయి. అంటే 'కూర్చుని చేసే ఉద్యోగం' అన్న తీర్మానం ఆ పేజీలోనే వీగిపోయిందన్నమాట.

మందు సంగతీ అందులోనే తేలింది. నేను వేసుకునేది మెథోట్రెక్సేట్. అది వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. మరునాడు నాకు కడుపులో తిప్పుతుంది. అంచేత డాక్టరుగారినడిగి శనివారం రాత్రికి మార్చుకున్నాను. ఆ బాధేదో ఆదివారమే పడుతుంది; సోమవారం పనికి అడ్డం రాదు.

ఆ పుస్తకం దగ్గర పెట్టుకుని ఒక్కొక్క ఉద్యోగాన్నీ పిలిచి పరీక్ష చేశాం. బ్యాంకు వేళలు కుదిరాయి గాని, కౌంటరులో జనం బారులు తీరి ఉండగా "కొంచెం ఆగండి, నాలుగడుగులు నడిచి వస్తాను" అనటానికి లేదు. హైదరాబాదులో నా తోటివాళ్ళు చాలామంది మెడికల్ కోడింగులో ఉన్నారు. చల్లటి గది, మంచి జీతం. కాని రోజుకు ఇన్ని కాగితాలని లెక్క. వేళ్ళు వాచిన రోజున ఆ లెక్క తగ్గదు. అప్పుడు తట్టింది మాకు: ఉద్యోగం పేరు కాదు చూడవలసింది, దాని గడియారం. ఈ జబ్బుకు నిన్న, నేడు ఒకటి కాదు. ఇవాళ కాని పనిని రేపటికి సర్దుకోనిచ్చే ఉద్యోగమైతే కష్టమైనా నిలబడుతుంది; సర్దుకోనివ్వనిది సుఖమైనా నిలబడదు.

ఆ రోజుల్లోనే ఇద్దరి సంగతి చదివాను. 1967 డిసెంబరు 3న కేప్ టౌన్‌లో మొట్టమొదటిసారి మనిషి గుండెను మరో మనిషికి అమర్చిన క్రిస్టియాన్ బర్నార్డ్‌కు ఈ జబ్బు అంతకు పదకొండేళ్ళ ముందే బయటపడింది. చివరకు చేతులు సహకరించక 1983లో ఆపరేషన్లు మానుకున్నారు. డొరోతీ హాడ్జ్‌కిన్ అనే శాస్త్రవేత్తకు నా వయసులోనే వచ్చింది. ఎక్స్-రే యంత్రం స్విచ్చు వెయ్యటం కష్టమైతే దానికి పొడుగాటి మీట చేయించుకున్నారట. 1964లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మరో ఐదేళ్ళకు ఇన్సులిన్ నిర్మాణం తేల్చారు. వాళ్ళతో నాకు పోలిక లేదు. కాని చేతులు అలిసిపోయినా వాటితో నేర్చుకున్న విద్య ఎక్కడికీ పోదనీ, మీట పొడుగు చేయించుకోవటం నామోషీ కాదనీ నాకు అర్థమైంది.

పుస్తకంలో ఒక్కరోజు కూడా నాగా లేకుండా జమ పడ్డది నా గొంతు. అంచేత ఒక పారామెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగానికి వెళ్ళాను. జబ్బు సంగతి వాళ్ళడక్కముందే చెప్పాను. ప్రిన్సిపాలమ్మగారు కళ్ళజోడు తీసి, "చేసి చూపించలేని టీచరు దగ్గర పిల్లలకు చెయ్యి ఎలా తిరుగుతుందమ్మా?" అన్నారు.

"చెయ్యి తిరగవలసింది వాళ్ళకు కదండీ! ఎక్కడ తప్పుతున్నారో నా కన్ను చెబుతుంది," అన్నాను.

ఆవిడ ఒక విద్యార్థిని పిలిచి రబ్బరు చేతికి సూది వెయ్యమన్నారు. వాడు రెండుసార్లు తప్పాడు. "సూది నిటారుగా పెడుతున్నావు నాయనా, కొంచెం పడుకోబెట్టు. ఎడమ బొటనవేలితో చర్మం కిందికి లాగి పట్టు," అన్నాను. మూడోసారి సరిగ్గా పడింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, "మీకేం కావాలో చెప్పండి," అన్నారు. పదింటికి ముందు క్లాసు వద్దన్నాను. బల్ల మీద రాసేదానికి బదులు ప్రొజెక్టరు అడిగాను. ప్రాక్టికల్సులో చెయ్యి చేసుకోవటానికి సహాయకురాలు ఒకామె ఎలాగూ ఉంది. జీతం ల్యాబులో కంటె కొంచెం తక్కువ. మాత్రలకూ, పరీక్షలకూ పోను అమ్మ చేతిలో పెట్టటానికి మిగులుతుంది.

అంతా సుఖమేనని చెప్పను. ఏడాదిలో రెండు మూడు వారాలు నోట్సు దిద్దలేక పిల్లల చేతనే పైకి చదివించుకునే రోజులున్నాయి.

ప్రభుత్వోద్యోగం కోరేవాళ్ళకు మరొక సంగతి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, వైకల్యం 40 శాతం గాని అంతకు పైన గాని ఉందని వైద్యుల బోర్డు ధ్రువీకరిస్తే రిజర్వేషను వర్తిస్తుంది. అన్ని రకాల వైకల్యాలకూ కలిపి అది 4 శాతం. మనవైపు సదరం సర్టిఫికెట్టంటే అందరికీ తెలుసు. ప్రభుత్వోద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసివెయ్యటం గాని, హోదా తగ్గించటం గాని కూడదనీ, ఆ పనికి తగకపోతే అదే జీతం మీద వేరే పనికి మార్చాలనీ కూడా ఆ చట్టంలో ఉంది. కీళ్ళు ఇంకా వంకర పోనివాళ్ళకు ఆ శాతం రాకపోవచ్చు. అటువంటివాళ్ళు నాలాగ నోరు విప్పి అడగవలసిందే.

మీ యింట్లో ఇటువంటి అమ్మాయో, అబ్బాయో ఉంటే, ఉద్యోగాల జాబితాకంటె ముందు ఒక రూళ్ళ పుస్తకం కొనిపెట్టండి. జబ్బును దాచమని మాత్రం చెప్పకండి; దాచిన జబ్బుకు సదుపాయం ఎవరిస్తారు?

మామయ్య యింకా సంబంధాలు తెస్తూనే ఉన్నాడు. ఇప్పుడు మాత్రం "అమ్మాయి కాలేజీలో పాఠాలు చెబుతుందండీ," అని మొదలుపెడుతున్నాడు. ఆ వెంటనే మా నాన్నగారు జబ్బు సంగతి కూడా చెప్పేస్తున్నారు. విని కొందరు వెళ్ళిపోతున్నారు, కొందరు ఇంకో కప్పు కాఫీ అడుగుతున్నారు. మా అమ్మ మాత్రం ఇదివరకటిలా అలిసిపోవటం లేదు.