జగదల్‌పూర్ నుంచి ఎటు?

జగదల్‌పూర్‌లో పుట్టిపెరిగిన మా మేనకోడలు సంగీతం టీచరునవుతానంటోంది. ఇంట్లో రెండు పేర్లు నలుగుతున్నాయి.

విజయనగరం మహారాజా ప్రభుత్వ సంగీత కళాశాల 1919 నాటిది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్, ఘంటసాల చదివిందీ అక్కడే. అరకు మీదుగా రైల్లో వెళ్లిపోవచ్చు. తెలుగువాళ్లం కదా, మనసు అటే లాగుతుంది. కానీ అక్కడివి సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు.

ఖైరాగఢ్ ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయంలో డిగ్రీ నుంచి పీహెచ్‌డీ దాకా ఉంది. 1956లో రాజదంపతులు కూతురు ఇందిర పేరిట తమ మహలే ఇచ్చేశారు! హిందుస్తానీదే పెద్దపీట, నిజమే. అయితే జానపద సంగీతమూ నేర్పుతారు. హల్బీ, గోండీ పాటలు వింటూ పెరిగిన పిల్ల, రేపు బస్తర్ బడిలో వాటినీ పాడించాలి. నేనైతే ఖైరాగఢే అంటాను. అక్కడ చదివినవాళ్లుంటే హాస్టల్ సంగతి చెప్పండి.