తప్తపాని ఘాటులో మూడో ప్లగ్గు

బరంపురంలో తరతరాలుగా ఉంటున్న మన తెలుగు కుటుంబాలలో తప్తపాని పేరు తెలియని ఇల్లు ఉండదు. గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజులలోనూ, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైన తరువాతనూ మనవాళ్ళు ఆ కొండదారిని వదలలేదు. అక్కడి గంధకపు వేడినీళ్ళు కీళ్ళ నొప్పులకూ, చర్మ వ్యాధులకూ మంచివని పెద్దల నమ్మకం. పట్టణానికి సుమారు 50 కిలోమీటర్లు. దిగపహండి వరకు రెండు పక్కలా పొలాలు. ఆపైన కొండలు దగ్గరపడి, దారి మెలికలు తిరుగుతూ అడవిలోకి ఎక్కుతుంది.

కిందటి కార్తీకంలో మేము అయిదుగురం బయలుదేరాము. అత్తయ్యగారికి డెబ్బయి ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగడమే కష్టంగా ఉంది. ఒక్కసారి ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టాలని ఆమె కోరిక. బస్సులో తీసుకువెళ్ళలేము. మామయ్యగారు 1988లో కొన్న అంబాసిడర్ కారు ఉంది గనుక అందులోనే ప్రయాణం. ఆ కారును పాత ఇనుముకు ఇచ్చివేద్దామని ఇంట్లో ఏడాదిగా మాట నడుస్తోంది. “మీ మామయ్య వస్తువు. నడిచినన్నాళ్ళు నడవనివ్వండి” అని అత్తయ్యగారు అడ్డుపడుతున్నారు.

ముందురోజు వాయుగుండం వాన కురిసింది. దిగపహండి దాటాక ఒకచోట రోడ్డు మీద పారుతున్న నీళ్ళలోంచి కారు నడిపించవలసి వచ్చింది. ఘాటు మొదలై నాలుగు మలుపులు తిరిగేసరికి ఉన్నట్టుండి ఇంజను వణకడం ప్రారంభించింది. సైలెన్సరులోంచి ఫట్‌ఫట్‌మని చప్పుడు. మూడో గేరులో ఎక్కవలసిన బండి రెండో గేరులోనూ మూలుగుతోంది. మెకానిక్కుల భాషలో దీనినే ‘మిస్సింగ్’ అంటారు. రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఆపి, చక్రాల వెనుక రాళ్ళు పెట్టాము.

అటుగా వచ్చిన జీపు డ్రైవరు ఒకడు చెవి ఒగ్గి విని, “వాల్వు కాలిపోయింది. హెడ్డు విప్పాలి. తాడు కట్టి బరంపురం లాక్కుపోవడమే” అని తేల్చేశాడు. హెడ్డు విప్పడమంటే వేల రూపాయల మాట. అంత ఖర్చు ఈ కారుకు పెట్టేవారు మా ఇంట్లో లేరు. అంటే ఆ మాటతో కారు కథ ముగిసినట్టే. అత్తయ్యగారు ఏమీ అనలేదు. కిటికీలోంచి కొండవైపు చూస్తూ కూర్చున్నారు.

ఇంతలో టీ తాగడానికి లారీ ఆపిన ముసలి డ్రైవరు ఒకాయన మా దగ్గరకు వచ్చాడు. మేము తెలుగు మాట్లాడుకోవడం విని, “ఏ ఊరు బాబూ మీది?” అని పలకరించాడు. ఆయనది ఇచ్ఛాపురం పక్క పల్లె. “మెల్లగా పాడైతే ఇంజను జబ్బు, ఠక్కున పాడైతే ముందు కరెంటు చూడాలి” అన్నాడు. ఎల్లవేళలా నిజం కాకపోయినా వెతకడానికి అది మంచి మొదలు.

ముందు వినమన్నాడు. వణుకు తాళం వేసినట్టు సమంగా వస్తోంది. పెట్రోలు సరిగా అందకపోతే నాలుగు సిలిండర్లూ ఉక్కిరిబిక్కిరై బండి కుదుపులు కుదుపులుగా సాగుతుంది. ఒకే తాళంలో వణికితే ఒక్క సిలిండరే పని మానేసిందన్నమాట. నాలుగింటిలో ఒకటి పడిపోతే పావువంతు బలం పోయినట్టే. చదును నేల మీద ఎలాగో నడుస్తుంది గాని ఘాటు ఎక్కదు.

ఏది పడిపోయిందో తెలుసుకోవడానికి ఇంజను నడుస్తుండగానే, చేతికి పొడిగుడ్డ మందంగా చుట్టుకుని, ప్లగ్గు తీగలను ఒక్కొక్కటిగా లాగి మళ్ళీ పెట్టాడు. మొదటిది లాగితే ఇంజను ఇంకా కుంగింది. రెండు, నాలుగు కూడా అంతే. మూడోది లాగితే ఏ మార్పూ లేదు. దొంగ దొరికాడు.

ఇంజను ఆపి మూడో ప్లగ్గు విప్పితే తడిగా, పెట్రోలు వాసనతో ఉంది. అంటే పెట్రోలు వస్తోంది, మండడం లేదు. కాయిల్ తీగ తీసివేసి, ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు అదిమిపెట్టి, స్టార్టరు కొట్టమన్నాడు. గాలి వేలిని ఎగదన్నింది. “వాల్వు కాలితే ఇంత బలం ఎక్కడిది?” అని నవ్వాడు. అత్తయ్యగారు మొదటిసారి తల ఇటు తిప్పారు.

ఇక మిగిలింది కరెంటు దారి. పన్నెండు వోల్టుల బ్యాటరీ కరెంటును కాయిల్ పదివేల వోల్టులకు పైగా పెంచుతుంది. డిస్ట్రిబ్యూటరు దానిని 1, 3, 4, 2 వరుసలో నాలుగు ప్లగ్గులకు పంచుతుంది. ఇంజను నిమిషానికి రెండువేల చుట్లు తిరిగితే నాలుగువేల నిప్పురవ్వలు కావాలి. కాయిల్, పాయింట్లు, కండెన్సరు, రోటరు నాలుగింటికీ ఉమ్మడి సొత్తు. వాటిలో లోపముంటే నాలుగూ బాధపడాలి. ఒక్క మూడోదానికే సొంతమైనవి మూడు: ప్లగ్గు, తీగ, డిస్ట్రిబ్యూటరు మూతలో దాని గడి.

మూడో ప్లగ్గును రెండోదానితో మార్చి చూశాము. లోపం మూడోచోటనే ఉంది. కనుక ప్లగ్గు మంచిదే. డిక్కీలో ఉన్న అదనపు తీగ వేశాము. అయినా అంతే. మూత విప్పి వెలుతురుకు పెట్టి చూస్తే, లోపల మూడో గడి నుంచి అంచు వరకు పెన్సిలుతో గీసినంత సన్నని నల్లగీత! దుమ్మూ తేమా చేరినచోట కరెంటు పాకి, బొగ్గుదారి ఏర్పడింది. వాగునీటి చెమ్మ తగిలేసరికి రవ్వ ప్లగ్గుకు పోవడం మాని ఆ అడ్డదారిన ఇంజను ఇనుములోకి దిగిపోతోంది.

మూతను పొడిగుడ్డతో తుడిచి, చాకు మొనతో ఆ గీతను పూర్తిగా గీకివేసి బిగించాడు. తాళం చెవి తిప్పగానే ఇంజను నిండుగా పలికింది. “ఇది పూటకూటి వైద్యం బాబూ, ఊళ్ళో కొత్త మూత వేయించండి” అన్నాడు. డబ్బులు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. అత్తయ్యగారు ఇచ్చిన అరిసెలు మాత్రం కళ్ళకద్దుకుని తీసుకున్నాడు.

పొద్దుండగానే తప్తపాని చేరాము. చెట్ల నీడలో వేడి ఊట, గాలిలో గంధకపు వాసన, దగ్గరలో కంధునీ దేవి గుడి. ఊటనీరు కుంటలోకి పారుతుంది. అత్తయ్యగారు గట్టున కూర్చుని కాళ్ళు పెట్టి, అరగంటసేపు కదలలేదు. నొప్పి ఎంత తగ్గిందో చెప్పలేముగాని లేచేటప్పుడు చెయ్యి పట్టుకోమని అడగలేదు.

మరునాడు ఇంకా పైకి, చంద్రగిరి దాకా వెళ్ళాము. 1963లో టిబెటన్లు వచ్చి స్థిరపడిన చోటు అది. జిరంగో దగ్గర 2010లో దలైలామా ప్రారంభించిన పద్మసంభవ మహావిహారం చూడదగినది. జొన్నచేలు, ప్రార్థన జెండాలు చూస్తుంటే, ఊరు వదలివచ్చి భాషను నిలుపుకుంటున్నవారం మనమొక్కరమే కామనిపించింది.

ఇంటికి వచ్చాక కొత్త మూత వేయించాము. కారు అమ్మే మాట ప్రస్తుతానికి ఆగింది. పాతకారుతో కొండదారి పట్టేవారు డిక్కీలో ఒక మూత, రోటరు, తీగ, రెండు ప్లగ్గులు, ప్లగ్గు స్పానరు, పొడిగుడ్డ ఉంచుకుంటే మంచిది. కంప్యూటరుతో నడిచే నేటి కార్లలో మాత్రం నడుస్తున్న ఇంజను తీగలు లాగరాదు. మనిషికీ, యంత్రానికీ ప్రమాదం. అక్కడ ఇంజను దీపం మినుకుమినుకుమంటే బండి ఆపి, తెలిసినవారిని పిలవడమే మార్గం. ఏ కారైనా సరే, ఎవరో ఒకరు హెడ్డు విప్పాలంటే వెంటనే తల ఊపక, లోపం ఏ సిలిండరుదో, ఎలా తెలిసిందో అడగండి.