బారువ తీరం నుండి యానాం వరకు

ఉద్దానం వెళ్ళినవారు కొబ్బరి, జీడి, పనస తోటల మధ్యగా బారువ సముద్రతీరం చేరి, అక్కడి దీపస్తంభాన్ని తప్పక చూస్తారు. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు అది. వేసవి సెలవులలో మేము అక్కడ రెండు రోజులు గడిపి, పలాసలో రైలెక్కి సామర్లకోటలో దిగి, కాకినాడ మీదుగా యానాం వెళ్ళాము. బారువ పెద్దాయన ఒకరు మాతో వచ్చారు.

రెండూ తెలుగు రేవులే. అయినా ఒకటి ఇంగ్లీషువారిదీ, మరొకటి ఫ్రెంచివారిదీ ఎలా అయినవి?

1753లో సలాబత్ జంగ్ ఫ్రెంచి సైన్యం జీతాల కొరకు శ్రీకాకుళంతో సహా నాలుగు సర్కారులను బుస్సీకి అప్పగించాడు. ఆ విధంగా మన ఉద్దానం కూడా కాగితం మీద ఫ్రెంచివారిదైంది. యానాంలో వారి వర్తక స్థావరం అంతకు ముందే ఉన్నది. తరువాత యుద్ధంలో ఇంగ్లీషువారు గెలిచారు.

1763 ఫిబ్రవరి 10న పారిస్‌లో సంధి జరిగింది. 1749 ఆరంభంలో ఫ్రెంచివారికి ఉన్న స్థావరాలు తిరిగి వారికే ఇవ్వాలి, ఆ తరువాత సంపాదించినవి వారు వదులుకోవాలి అని వ్రాసుకున్నారు. ఆ ఒక్క సంవత్సరమే సరిహద్దు అయింది. యానాం ఫ్రెంచివారికి దక్కింది. మన సర్కారులు దక్కలేదు.

యానాంలో గోదావరి ఒడ్డున కూర్చుని ఈ సంగతి చెప్పుకుంటుంటే పెద్దాయన అడిగారు: "ఆ కాయితం రాసినోలు మన సంద్రాన్ని చూసినారేటి బాబూ?"

మా దగ్గర జవాబు లేదు.

1954 నాటికి కొంత మార్పు వచ్చింది. అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటు వేశారు. 170 మంది భారతదేశంలో విలీనం కావాలన్నారు, 8 మంది వద్దన్నారు. నవంబరు 1న పరిపాలన మన చేతికి వచ్చింది. 1956లో వ్రాసుకున్న ఒప్పందం 1962 ఆగస్టు 16న అమలయింది. ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకోదలచినవారికి ఆరు నెలల గడువు ఇచ్చారు. పారిస్ సంధిలో ఎవరినీ అడగలేదు. ఇక్కడ కొంతవరకైనా అడిగారు.

తిరుగు ప్రయాణంలో పెద్దాయన మూలపేట మాట ఎత్తారు. 2023లో అక్కడ కొత్త ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. దాని కొరకు ఇళ్ళు వదలవలసిన కుటుంబాలు ఉన్నాయి. రేవు వస్తే పని దొరుకుతుంది, పిల్లలు వలస పోనక్కరలేదు అనేవారూ ఉన్నారు. ఇద్దరి మాటా వినదగినదే. రేవు ఎవరిదైనా, ముందుగా అడగవలసింది ఆ ఒడ్డున బ్రతికేవారిని.