తల్లీబిడ్డలు క్షేమము

కానుపు కబురు తెచ్చు వాక్యము మన తెలుగునాట తరతరములుగా ఒక్కటే. వెనుక మనిషిచేత చెప్పి పంపినను, తరువాత కార్డుముక్కపై వ్రాసినను, నేడు చేతి ఫోనులో పలికినను ఆ మాటలు మారలేదు: “సుఖప్రసవము, తల్లీబిడ్డలు క్షేమము.” అది విన్నంతనే ఇంటిల్లిపాదికిని గుండె కుదుటపడును. బిడ్డ ఆడయో మగయో అడుగుదురు, బరువెంతో అడుగుదురు, ఎవరి పోలికయో అడుగుదురు. తల్లిని గూర్చి మరల అడుగువారు తక్కువ. ‘క్షేమము’ అను మాటతో ఆమె సంగతి ముగిసినది గదా! మేము బడిలో పదములకు అర్థము చెప్పి జీవించువారము. కావున ఈ పదమునకు లోకము చెప్పుకొను అర్థము పూర్ణమా, సగమా అని విచారించుట మాకు తగిన పనియే యని తలంతుము.

ముందుగా గెలిచినదానిని గెలిచినట్లు ఒప్పుకొనవలెను. మేము పాఠములు చెప్పుచున్న ఈ అనంతపురపు మెట్టసీమలో, మా అవ్వ తరమున, చూలాలు నొప్పులు పడుచుండ ఎద్దులబండి కట్టవలెనా వద్దా యని ఇంటివారు తెల్లవారుదాక తర్కించుకొనుచుండెడివారు. మా అవ్వ ఎనమండ్రను కని నలుగురిని మట్టికి అప్పగించెను. నేడట్లు కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున నూటికి 96కు మించిన కానుపులు ఆసుపత్రులలోనే జరిగినవని తేలినది. లక్ష సజీవ జననములకు 2014-16లో 74గా నున్న తల్లుల మరణములు 2018-20 నాటికి 45కు దిగినవి. ప్రభుత్వ ఆసుపత్రులు పెరిగినవి. 108 బండి పల్లె వాకిటికి వచ్చుచున్నది. 1969లో అనంతపురము చేరిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన, మావారందరు ఆర్.డి.టి. అని పిలుచు సంస్థ బత్తలపల్లి, కళ్యాణదుర్గము, కణేకల్లులలో ఆసుపత్రులు కట్టించినది. ఈ లాభమును తక్కువచేసి పలుకువాడు కృతఘ్నుడు.

అయినను కానుపు ఇంటినుండి ఆసుపత్రికి కదలినపుడు ఒకటి మాత్రము బండి ఎక్కలేదు. అది తోడు. పాత పురిటిగదిలో చీకటి యుండెను, మురికి యుండెను, అజ్ఞానము ఉండెను. కాని చూలాలి తలను ఒడిలో పెట్టుకొన్న తల్లి యుండెను, నడుము పట్టు మేనత్త యుండెను, ‘ఇంకొక్క నొప్పి, ఓర్చుకో తల్లీ’ యను మంత్రసాని యుండెను. ఆసుపత్రి గదిలో దీపమున్నది, శుభ్రతయున్నది, విద్యయున్నది. తల్లి మాత్రము తలుపునకు వెలుపల బెంచీపై కూర్చుండి యున్నది. లోపల పందొమ్మిదేండ్ల పిల్ల, ముఖము తెలియనివారి నడుమ, తన దేహమున ఏమి జరుగుచున్నదో చెప్పువారు లేక, అరచినందుకు కసరులు తినుచు పండుకొని యున్నది. మురికిని వదలుట సంస్కారము. తోడును వదలుట నష్టము. రెండును ఒక్క చీపురుతోనే ఊడ్వబడినవి.

మేము చదివిన సంస్కృతమున ఈ విషయము క్రొత్తది కాదు. చరకసంహిత శారీరస్థానము సూతికాగృహమును వర్ణించుచు, అందుండవలసిన స్త్రీల లక్షణములు చెప్పుచున్నది. వారు పెక్కుమారులు కన్నవారు కావలెను. స్నేహశీలలు, దిగులు చెందనివారు, క్లేశమునకు ఓర్చువారు కావలెను. అనగా నేర్పొక్కటియే చాలదు, స్వభావము కూడ చికిత్సయే యని శాస్త్రకారుని అభిప్రాయము. గర్భమును నిలుపువానిలో మనఃప్రసన్నతకు అగ్రస్థానమిచ్చినదియు ఆ గ్రంథమే. గర్భవతిని అంచుదాక నూనె నిండిన పాత్రవలె తొణకకుండ చూచుకొనుమన్నదియు ఆ గ్రంథమే. అందు నేడు విడువదగినవి పెక్కు కలవు. ఇది మాత్రము విడువదగినది కాదు.

పాశ్చాత్యులు ఇదే సంగతిని తమ మార్గమున, లెక్కలు కట్టి, కనుగొనిరి. ఇంగ్లండునందు గ్రాంట్లీ డిక్-రీడ్ అను వైద్యుడు 1933లోను 1942లోను ప్రకటించిన గ్రంథములలో, భయము బిగువును, బిగువు నొప్పిని పెంచునని వాదించెను. నొప్పియంతయు భయమువలననే యనుట అతిశయోక్తి. కాని భయముచేత నెత్తుట అడ్రినలిన్ హెచ్చినపుడు, గర్భాశయమును నడిపించు ఆక్సిటోసిన్ పని మందగించునని శరీరశాస్త్రము చెప్పుచున్నది. గ్వాటెమాలా దేశమున జరిపిన ఒక పరిశోధనను సోసా, కెనెల్, క్లాస్ మొదలగువారు 1980లో ప్రకటించిరి. కొందరు చూలాండ్ర ప్రక్కన, పరిచయము లేకున్నను దయగల యొక స్త్రీని కూర్చుండబెట్టిరి. ఆమె మందీయలేదు, వెన్ను నిమిరెను, చేయి పట్టుకొనెను, మాటలాడెను. అంతమాత్రముననే చిక్కులు తగ్గినవి, నొప్పులకాలము తగ్గినది. తల్లులు బిడ్డలను చూచి నవ్వుట, నిమురుట హెచ్చినది. పిమ్మట పలుదేశముల పరీక్షలను కూర్చి 2017లో కోక్రేన్ సమీక్ష వెలువడెను. 26 పరీక్షలు, 15,858 మంది స్త్రీలు. ఎడతెగని తోడు గలవారిలో సహజప్రసవములు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ, కానుపును గూర్చిన చేదు తలపులును తక్కువ. 2019-21 సర్వేలో నూటికి 42 కానుపులు ఆంధ్రప్రదేశమునను, 60కి మించి తెలంగాణమునను కత్తితోనే జరిగినవని తెలిసిన మనకు ఈ ఫలితము చిన్నది కాదు. మన కేంద్రప్రభుత్వము 2016లో సర్కారు ఆసుపత్రులలో నొప్పులవేళ ఒక స్త్రీని తోడుండనీయుటకు అనుమతించెను. ఉత్తర్వు వచ్చినది, తలుపు మాత్రము అన్నిచోట్ల తెరువబడలేదు.

కానుపు తరువాతి కథ ఇంకను నిశ్శబ్దమైనది. బిడ్డ పుట్టిన మూడవ నాలుగవ దినమున కారణము తెలియని ఏడుపు తల్లులలో సగముమందికి పైగా కలుగును. రెండు వారములలో తనంతటనే సమసిపోవును. దానికి మందక్కరలేదు, మంచిమాట చాలును. ఏడుపు ఆగక, ఆకలి లేక, బిడ్డపై మనసు పోక, తానెందుకును కొరగాననుకొనుచు వారములు గడచినచో అది వేరొక వ్యాధి: ప్రసవానంతర విషాదము. మూడవది అరుదు. వేయిమందిలో ఒకరిద్దరికి మతి చలించును. అది క్షణము ఆలస్యము చేయరాని ఆపద. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో 2017లో వెలువడిన ఒక సమీక్ష, మన దేశమున జరిగిన 38 పరిశోధనలలోని 20,043 మంది తల్లులను లెక్కించి, నూటికి 22 మందికి ఈ విషాదము కలదని తేల్చెను. మన వీథిలో ఐదు ఉయ్యాలలు ఊగుచున్నచో, అందొకదానిని దుఃఖించు చేయి ఊపుచున్నదన్నమాట.

మా సీమలో ఈ దుఃఖమునకు ఎరువు అధికము. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ మెట్టలో సెనక్కాయలు పండనియేడు అప్పులు పండును. ఇండ్లకు ఇండ్లు బెంగుళూరు కూలికి తరలును. తొలికానుపు పుట్టింట జరుగవలెనన్నది మన యాచారములలో మిక్కిలి తెలివైనది. అత్తింటి చాకిరినుండి కోడలిని కొన్ని నెలలు విడిపించి అమ్మచేతికి అప్పగించుట దాని భావము. కరవు వచ్చి ఆ పుట్టింటికే తాళము పడినపుడు ఆచారమెక్కడ నిలుచును? తల్లి పట్టణమున ఇటుకలు మోయుచుండ కూతురు ఇచ్చట కనుచున్నది. కరవు చెరువునే కాదు, పురిటింటిని కూడ ఎండగట్టును. దీనికి తోడు బాల్యవివాహములు. 2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశమున 20-24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మంది పదునెనిమిది నిండకముందే పెండ్లియైనవారు. మా బడిలో పదవతరగతి పరీక్ష వ్రాసి వెళ్లిన పిల్ల రెండేండ్లకు చంకన బిడ్డతో సంతలో మాకు నమస్కరించును. గోవాలో విక్రమ్ పటేల్ ప్రభృతులు 2002లో ప్రకటించిన పరిశోధన పేదరికమును, భర్తచేతి దెబ్బలను, ఇంటివారు కోరని ఆడబిడ్డ పుట్టుటను ఈ విషాదమునకు హేతువులుగా చూపెను. ఈ మూడింటిలో మా సీమకు క్రొత్తది ఏదియు లేదు.

మాయింటి సంగతియే యొకటి చెప్పుదుము. మా చెల్లెలికి రెండవ కానుపున రెండవ ఆడబిడ్డ పుట్టెను. ఒక పట్టణపు ఆసుపత్రిలో మా అమ్మను లోనికి రానీయకపోగా, ఆమె పదునాలుగు గంటలు ఒంటరిగా నొప్పులు పడెను. కబురు వచ్చెను: తల్లీబిడ్డలు క్షేమము. మూడు వారములకు చెల్లెలి మాట తగ్గినది. బిడ్డకు పాలిచ్చును, గోడవంక చూచును. దిష్టి యని ఒకరు, గాలి సోకినదని ఒకరు, ఆడపిల్ల పుట్టిన దిగులని ఒకరు. ఎవరు ‘బాగుండావా’ యని పలుకరించినను ‘బాగుండా’ ననును. నెలనాడు ఊరి ఆశా కార్యకర్త బిడ్డను తూచుటకు వచ్చెను. తూచి, వెంటనే లేచిపోక, చాపమీద చతికిలబడి అడిగెను: “అక్కా, పాప నిద్రపోయినాక నీకు నిద్ర పడుతుండాదా?” చెల్లెలు కొంతసేపు పలుకలేదు. పిమ్మట, “లేదమ్మీ, కన్ను మూతపడక శానా దినాలాయ” అని భోరున ఏడ్చెను. ఆ పిల్ల మరియొక ప్రశ్న, మెల్లగా, మాకు వినబడకుండ అడిగెను. దానికి వచ్చిన ఉత్తరమువలన మరునాడే మేము చెల్లెలిని మానసిక వైద్యుని కడకు తోడుకొనిపోతిమి. మందులు, వైద్యుని మాటలు, రాత్రులందు బిడ్డను మా అమ్మ తన ప్రక్కన వేసికొనుట, ఈ మూడును కలిసి నాలుగు నెలలలో మా చెల్లెలిని మాకు తిరిగి యిచ్చినవి.

ఆ ప్రశ్నను గూర్చి మేము చాలదినములు ఆలోచించితిమి. ‘బాగుండావా’ యనునది ప్రశ్న కాదు, పలకరింపు. దాని ఉత్తరము ముందే నిర్ణయింపబడినది. ‘బాగలేను’ అనుట మర్యాద తప్పుట. నిద్రను గూర్చిన ప్రశ్నలో నింద లేదు, జాలి లేదు, పిచ్చి యను మాట లేదు. బిడ్డ నిద్రించినను తల్లికి నిద్ర రాకుండుట మాత్రము వ్యాధికి మంచి గుర్తు. 1987లో జాన్ కాక్స్, జెనీ హోల్డెన్, రూత్ సగోవ్‌స్కీ అనువారు ప్రకటించిన ఎడిన్‌బరో ప్రశ్నావళి మార్గమును ఇదియే. గడచిన ఏడు దినములను గూర్చి పది ప్రశ్నలు: నవ్వు వచ్చుచున్నదా, తనను తాను ఊరక నిందించుకొనుచున్నదా, నిద్ర చెడుచున్నదా, కడపట, తనకు తాను హాని చేసికొను తలపు కలుగుచున్నదా యని. ఈ కడపటిదానిని అడిగినచో లేని తలపు పుట్టునని మనవారు జంకుదురు. అట్లు కాదు, అడుగుట వలన మోయుచున్న బరువు దిగును. మన స్త్రీలు విషాదమను మాట పలుకరు. ‘గుండె బరువు’, ‘తల దిమ్ము’, ‘ఏమీ తోచదు’ అందురు. ఆ మాటలలోనే అడుగవలెను, ఆ మాటలలోనే వినవలెను.

‘మా అవ్వలకు లేని దిగులు మీకెక్కడిది?’ అని పెద్దలు కొందరు ప్రశ్నింతురు. అవ్వలకు లేకపోలేదు, అడిగినవారు లేరు. కౌసల్య వేవిళ్లను, ఆమె ప్రసవవేదనను మన స్త్రీలు తమ రామాయణపు పాటలలో పాడుకొనిరి. పురుషులు వ్రాసిన కావ్యములలో చోటు దొరకని నొప్పి పాటలో తలదాచుకొనినది.

మంత్రసానితనమునకు ఒప్పుకొన్న పిమ్మట ఏది వచ్చినను పట్టవలెనని సామెత. బిడ్డ వచ్చినను పట్టవలెను, దుఃఖము వచ్చినను పట్టవలెను. అట్టి మంత్రసానులను చదువుతో తీర్చిదిద్దుట మన తెలుగునాట ఆరంభమైనది. హైదరాబాదున ఫెర్నాండెజ్ ఆసుపత్రి వారు డాక్టరు ఎవిటా ఫెర్నాండెజ్ నాయకత్వమున 2011లో ఈ శిక్షణ మొదలిడిరి. 2017లో తెలంగాణ ప్రభుత్వము వారితో కలిసి నర్సులకు నేర్పనారంభించెను. 2018లో కేంద్రప్రభుత్వము 18 నెలల శిక్షణతో మంత్రసాని నర్సులను తయారుచేయు మార్గదర్శకములను వెలువరించెను. బెంగుళూరు నిమ్హాన్స్ నందు 2009లో తల్లిని బిడ్డతోకూడ చేర్చుకొను విభాగమును తెరచిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము, చికిత్స పొందు తల్లినుండి మూడేండ్లలోపు బిడ్డను సాధారణముగా విడదీయరాదనుచున్నది. ఆశా కార్యకర్త ఆసుపత్రిలో కన్న తల్లి యింటికి 3, 7, 14, 21, 28, 42వ దినములందు, ఆరుమారులు, బిడ్డకొరకు వచ్చును. ఆ ఆరుమారులును తల్లికొరకు ఒక్కొక్క ప్రశ్న చేర్చుటకు ఖర్చేమి?

చదువరులారా, సర్కారు చేయవలసినది సర్కారు చేయుగాక. ఇంట మనము చేయదగినవి కొన్ని కలవు. ఏడవ నెలలోనే ఆసుపత్రివారిని, ‘నొప్పులవేళ ప్రక్కన ఎవరిని ఉండనిత్తురు?’ అని అడుగుడు. పుట్టింటికి తాళము పడినచో, అత్తగారే నలుబది దినములు అమ్మ కావలెను. ఆడబిడ్డ పుట్టినపుడు బాలింత చెవిలో పడు మాటలకు ఇంటి యజమాని కావలి కాయవలెను. రాత్రి ఒక జాము బిడ్డను ఎత్తుకొనుట తండ్రికి నామర్ద కాదు. రెండు వారములు దాటినను దుఃఖము వీడనిచో భూతవైద్యుని కడకు గాక వైద్యుని కడకు పొండు. దారి తెలియనివారికి, 2022లో ఆరంభమైన టెలి మానస్ వారి 14416 సంఖ్యకు ఫోను చేసిన చాలును, మాటలాడుదురు.

ఇకమీదట కానుపు కబురు వచ్చినపుడు, బిడ్డ బరువెంతో అడిగిన పిమ్మట, ఫోను పెట్టివేయక, తల్లిని పిలువుమని అడుగుడు. ఆమె వచ్చినచో, రాత్రి నిద్ర పట్టినదా యని అడిగి, ఉత్తరము వచ్చుదాక ఊరకుండుడు.